తెరిపి కూడా వానలోదే

ఫ్లెక్సీలో ఆయన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నేను పోల్చుకోలేకపోవడానికి అదే కారణం. ఇబ్రహీంపట్నం చౌరస్తాలో బస్సు ఆగినప్పుడు ఆ ఫ్లెక్సీ సరిగ్గా నా కిటికీకి ఎదురుగా ఉంది. భుజాన శాలువా, ఒళ్లో చేతులు, స్టూడియో వాళ్లు తెల్లగా దిద్దిన మొహం. పైన ‘కన్నీటి నివాళి’ అని, కింద దశదిన కర్మ ఎప్పుడో ఎక్కడో. ఒక పక్క ఓపెన్ ప్లాట్ల ఫ్లెక్సీ, ఇంకో పక్క ఎవరిదో పుట్టినరోజు. ఎవరో పెద్దమనిషి పోయాడనుకుని చూపు తిప్పుకున్నాను. బస్సు డిపో దాటాక ఆ కనుబొమల మధ్య నిలువు గీత గుర్తొచ్చింది.  ఆయన పక్కన ఆరేళ్లు పనిచేశాను నేను. ఆయన కూర్చోగా ఒక్కసారి కూడా చూడలేదు.

పేరు రాయను. ఫ్లెక్సీ మీద రాశారు, చాలు. సాగర్ రోడ్డు మీది ఇంజనీరింగ్ కాలేజీల్లో ఒకదానిలో కంప్యూటర్ల వైర్లన్నీ ఆయన చేతి కింద ఉండేవి. ప్రిన్సిపల్ గది నుంచి హాస్టల్ మెస్ దాకా ఎక్కడ ఏ కేబుల్ గోడలో దూరి ఎక్కడ తేలుతుందో ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు. కొందరు సార్ అనేవారు, కొందరు నెట్టాయన అనేవారు. డిప్లొమా అయ్యాక ల్యాబ్ టెక్నీషియన్‌గా చేరిన నేను అన్నా అనేదాన్ని. ఆయన నన్ను చెల్లె అనేవాడు, అది కూడా సగం అని మిగతాది నడుచుకుంటూ.

ఆయన గదిలో ఒకే ఒక్క కుర్చీ ఉండేది. దాని నిండా కేబుల్ చుట్టలు. వచ్చినవాళ్లు కుర్చీ వైపు చూస్తే, నిలబడే చెప్పమనేవాడు, అట్లయితే జల్దీ అయిపోతుందట. టీ చెప్పేవాడు, వచ్చేలోపు వెళ్లిపోయేవాడు. క్యాంటీన్ మల్లేశ్ గ్లాసు పట్టుకుని బ్లాకు బ్లాకూ ఆయన కోసం తిరిగేవాడు. ఈయన గదుల్లోకి హెల్మెట్ తీయకుండానే వచ్చేవాడు. తీసి మళ్లీ పెట్టుకోవడం దండగ అని ఆయన లెక్క. కొత్తగా చేరిన మేడమ్ ఒకావిడ ఆయన్ని కొరియర్ మనిషి అనుకుని సంతకం పెట్టడానికి పెన్ను తీసింది.

మా కాలేజీలో అప్పట్లో ప్లాట్లు అమ్మనివాడు లేడు. ఫిజిక్స్ లెక్చరర్ ఒకాయన ఈయన్ని కూడా ఒక ఆదివారం బొంగులూరు దగ్గర వెంచర్ టెంటులో కూర్చోబెట్టడానికి తీసుకుపోయాడు. కూర్చుంటేగా. ఒక కుటుంబం ప్లాటు చూడటానికి వస్తే, వాళ్లకంటే రెండు ఫర్లాంగులు ముందు నడిచి హద్దురాయి దగ్గర నిలబడ్డాడట. ఆయాసపడుతూ వచ్చిన ఇంటాయన బోరులో నీళ్లు పడతాయా అని అడిగితే, ‘పడతయంటున్నరు, నేనైతే చూడలే’ అన్నాడట. ఆయన ప్లాట్ల వ్యాపారం అక్కడితో సమాప్తం.

ఆ మాట ఊరికే అన్నది కాదు. ఆయనది ఎప్పుడూ ఒకటే ప్రశ్న: ‘చూసినవా, అనుకుంటున్నవా?’ లైబ్రరీలో నెట్ రావడం లేదని ఫోన్ వస్తే అదే ప్రశ్న. పిల్లలు హాస్టల్లో సినిమాలు చూస్తున్నారని ప్రిన్సిపల్ గారు మండిపడితే ఆయన్నీ అదే అడిగాడు. ఇవాళ పప్పు బాగా కుదిరిందన్న పాపానికి మల్లేశ్‌నూ వదల్లేదు. తర్వాత్తర్వాత మల్లేశ్ ఒక చెంచా తన నోట్లో వేసుకుని చూపించి, ఆ తర్వాత ఆయనకు వడ్డించేవాడు.

ఇక అసలు సంగతి. కంప్యూటర్లు ఒకదానితో ఒకటి చిన్న చిన్న మూటలుగా మాట్లాడుకుంటాయి. ప్యాకెట్లంటారు. వైరు మీద పోయే ప్రతి ప్యాకెట్‌నూ, అది ఏ క్షణాన పోయిందో ఆ లెక్కతో సహా, ఒక ఫైల్లోకి పట్టి దాచుకోవచ్చు. తర్వాత అవే ప్యాకెట్లను అదే వరసలో మళ్లీ వైరు మీదికి వదలవచ్చు. నిన్న జరిగిన గొడవను ఇవాళ మళ్లీ జరిపించి, ఏ పెట్టె దగ్గర తేడా వస్తోందో కనిపెట్టడమన్నమాట. ఇంగ్లిషులో రీప్లే. ఆయన తిరగాడించుడు అనేవాడు. పరీక్ష ఉన్న రోజు ఏ గొడవా లేకపోయినా సరే, మొత్తం పట్టి దాచాల్సిందే. ఎందుకీ చాదస్తమని ప్రిన్సిపల్ గారు ఒకసారి అడిగారు.

“ఇల్లు ఉరుస్తున్నది సార్. యాడ ఉరుస్తున్నదో ఎండపూట ఎట్ల దొరుకుతది? నిన్నటి వానను పట్టి పెట్టుకున్న. మళ్లా కురిపిచ్చి చూస్త.”

ప్రిన్సిపల్ గారికి ఇది ఎంత నచ్చిందంటే, ఆ తర్వాత రెండు మీటింగుల్లో తన సొంత మాటలాగా వాడుకున్నారు.

చెప్పినంత సుళువు కాదు అది. నేను చేరిన కొత్తలో ఒక రికార్డింగ్ ఇచ్చి ఆడించమన్నాడు. ప్యాకెట్లు ఇటు నుంచి బయల్దేరుతున్నాయి, అటు ఒక్కటీ చేరడం లేదు. మూడు రోజులు తల బద్దలు కొట్టుకున్నాను. వైర్లు మార్చాను, మెషిన్ మార్చాను. ఆయన వచ్చిపోతూ, పంపావు సరే, చేరిందా అని అడిగి వెళ్లిపోయేవాడు. ప్రతి ప్యాకెట్ మీదా అది వెళ్లాల్సిన మెషిన్ అడ్రసు ఉంటుందని, మన ల్యాబ్‌లో ఆడించేటప్పుడు ఆ పాత అడ్రసులు కొట్టేసి ఇక్కడి మెషిన్లవి రాయాలని, లేకపోతే నాది కాదని ప్రతి పెట్టే పారేస్తుందని మూడో రోజు సాయంత్రానికి నాకే తట్టింది. ఎగిరి గంతేసినంత పని చేశాను. ఆయనకు మొదటి రోజే తెలుసట. ఇక మర్చిపోవులే అని చెప్పి వెళ్లిపోయాడు. నాకు ఒళ్లు మండింది, కానీ నిజంగానే ఇప్పటిదాకా మర్చిపోలేదు.

విచిత్రం ఎక్కడంటే, టీ కోసం ఆగలేని ఆ మనిషి ఇందులో మాత్రం ఒక్క క్షణం కూడా కత్తిరించనిచ్చేవాడు కాదు. రికార్డింగులో ప్యాకెట్‌కూ ప్యాకెట్‌కూ మధ్య ఉన్న ఖాళీలన్నీ తీసేసి, గబగబా ఒకదాని వెంట ఒకటి వదిలే ఆప్షన్ ఉంది. రెండు గంటల ముచ్చట రెండు మూడు నిమిషాల్లో తేలిపోతుంది. ఆయన దాని జోలికి పోనిచ్చేవాడు కాదు. గంట రికార్డింగయితే గంటా ఆడాల్సిందే. ఆ గంటా ఆయన వరండాలో తిరిగేవాడు. మంచినీళ్ల ఫిల్టర్ దాకా వెళ్లడం, తిరిగి రావడం, తలుపులోంచి స్క్రీన్ వైపు తొంగి చూడటం, మళ్లీ ఫిల్టర్ దాకా. జరీనక్క అప్పుడే తుడిచిన నేల మీద ఆయన చెప్పుల ముద్రలు వరసగా పడేవి.

జరీనక్క కాలేజీ పెట్టిన నాటి నుంచి ఉన్న మనిషి. ల్యాబులు తెరవడం, ఊడ్చి తుడవడం, మంచినీళ్ల బాటిళ్లు నింపి పెట్టడం ఆమె పని. ఇబ్రహీంపట్నంలోనే ఇల్లు. ‘కూసోని కాల్చుకు తింటే పడొచ్చు గని, తిరిగి కాల్చుకు తినేటోన్ని నిన్నే చూసిన సార్’ అని మొహం మీదే అనేది. ఆయన్ని ఆ మాట అనగలిగింది ఆమె ఒక్కతే. ఆయన తల వంచుకుని గోడ వారగా నడిచేవాడు, అయినా నడిచేవాడు.

ఇంత ఆగలేనివాడివి, తొందరగా వదిలేసి పో అన్నా అని ఒకసారి అడిగాను. అడగడానికి కారణం నా బస్సు. కాలేజీ బస్సు నాలుగూ పదికి కదులుతుంది. అది పోతే సాగర్ రోడ్డు దాకా నడవాలి, అక్కడ షేర్ ఆటో నిండేదాకా కూర్చోవాలి, తుర్కయాంజాల్‌లో దిగేసరికి ఎంతవుతుందో చెప్పలేం. పక్కింట్లో వదిలిన మా పాప ఐదు దాటిందంటే ఏడుపు అందుకునేది. ఫిల్టర్ దగ్గర తిరుగుతున్న ఆయన ఆగకుండానే జవాబు చెప్పాడు.

“వానల తెరిపి ఉంటది గద చెల్లె. తెరిపి గూడ వానలదే. అది తీసేస్తే ఇంకో వాన అయితది.”

మొండితనానికి మంచి పేరు పెట్టుకున్నాడనుకున్నాను. గడియారం వైపు చూస్తూ కూర్చున్నాను.

నాలుగేళ్ల కిందట ఒక గురువారం, ఉద్యోగాలకు మనుషుల్ని ఎంచుకునే కంపెనీ ఒకటి మా పెద్ద హాలులో ఆన్‌లైన్ పరీక్ష పెట్టింది. నూట ఇరవై మంది పిల్లలు. అంతా బాగానే సాగుతుండగా చివరి భాగంలో ఒక పావుగంటలో అక్కడొకటి ఇక్కడొకటిగా పద్నాలుగు మెషిన్లు బిగుసుకుపోయాయి. ఆ పద్నాలుగు మంది జవాబులు చేరలేదు. కంపెనీవాళ్లు మొహాలు మాడ్చుకుని వెళ్లిపోయారు. ఎవరి వల్ల జరిగిందో తేల్చమని మేనేజ్‌మెంట్ ప్రిన్సిపల్ గారి మీద పడింది, ఆయన మా మీద పడ్డారు.

రికార్డింగ్ తెరిచి చూస్తే, పద్నాలుగు మెషిన్లూ పిలిచాయి, అవతలి నుంచి ఎవరూ పలకలేదు. అంతవరకే తెలుస్తోంది. హాలుకూ బయటి ప్రపంచానికీ మధ్య ఒక ఫైర్‌వాల్ పెట్టె ఉంది. వచ్చేపోయే ప్యాకెట్లను అది తలుపు దగ్గర నిలబడి చూసి వదులుతుంది. పిలుపును అది మింగిందా, లేక దాని వైరు కాసేపు వదులైందా అన్నది రికార్డింగ్ చెప్పదు. ఆ పెట్టె ఉన్నది హాలు వెనక అల్మారాలో. జరీనక్క నీళ్ల బాటిళ్లు కూడా అందులోనే పెట్టుకుంటుంది. పరీక్ష మధ్యలో ఆ అల్మారా తెరిచావా అక్కా, వైరేమైనా తగిలిందా అని నేనే వెళ్లి అడిగాను.

“బాటిళ్లు తీసిన బిడ్డా. తగిలిందేమో, చూసుకోలే” అంది.

శుక్రవారం మధ్యాహ్నం ఆయన పాడైన నెట్‌వర్క్ స్విచ్ ఒకటి రిపేరుకని పట్టుకుని ఎల్బీనగర్ బయల్దేరాడు. బండి స్టార్ట్ చేసి, మళ్లీ ఆపి, నన్ను పిలిచాడు. నిన్నటి రికార్డింగ్‌ను ఆ పెట్టె గుండా మెల్లగా ఆడించు, రెండున్నర గంటలు పడుతుంది, బస్సు పోతే నేనొచ్చి బండి మీద దింపుతా అన్నాడు. సరేనన్నాను. పెట్టెను ల్యాబ్‌లోకి తెచ్చి, ఇటొక వైరు, అటొక వైరు పెట్టి, అడ్రసులన్నీ మార్చి, అన్నీ కుదిరేసరికి మూడున్నరయింది. బస్సుకు ఇంకా నలభై నిమిషాలు. ఆయన ఎప్పుడు తిరిగొస్తాడో ఎవరికి తెలుసు. పాప మొహం కళ్లముందు తిరిగింది. ఖాళీలు తీసేసే ఆప్షన్ పెట్టి వదిలాను.

మూడు నిమిషాల్లో అయిపోయింది. ఇటు ఎన్ని వెళ్లాయో అటు అన్నీ వచ్చాయి, ఒక్కటి తక్కువ కాలేదు. పెట్టె భేషుగ్గా ఉంది. నాకు సంతోషం కూడా వేసింది, అది దాచను. కాగితం తీసుకుని రాశాను: పెట్టెను పరీక్షించాం, లోపం లేదు, బాటిళ్లు తీసేటప్పుడు వైరు తగిలిందని అటెండర్ ఒప్పుకుంది. ‘తగిలిందేమో’ అన్న మాట నా కాగితం మీదికి వచ్చేసరికి ‘తగిలింది’ అయింది. ప్రిన్సిపల్ గారి బల్ల మీద పెట్టి పరుగెత్తి బస్సెక్కాను. ఐదు కాకముందే పాపను ఎత్తుకున్నాను. ఆ సాయంత్రమే జరీనక్కను రేపటి నుంచి రావద్దన్నారు.

శనివారం పొద్దున ఆ సంగతి ఆయనకు గేటు దగ్గర తెలిసింది. హెల్మెట్‌తోనే నా ముందుకొచ్చి నిలబడ్డాడు.

“చూసినవా, అనుకుంటున్నవా?”

“చూసిన అన్నా. పోయినన్ని వచ్చినయ్.”

“ఎంతసేపు పట్టింది?”

అబద్ధం చెప్పొచ్చు. ఎందుకో నోరు రాలేదు.

“మూడు నిమిషాలు.”

తిట్టలేదు. తిడితే బాగుండేది. హెల్మెట్ తీసి నా బల్ల మీద పెట్టి, పనిలోకి దిగాడు. నేను విప్పేసిన వైర్లన్నీ మళ్లీ పెట్టాడు. లైట్ వెలుగుతోందా చూశాడు, పెట్టె మీద అరచెయ్యి ఆనించి వేడి చూశాడు, పది ప్యాకెట్లు పంపి పదీ చేరాయా లెక్కపెట్టాడు. పదిన్నరకు అసలు ఆట మొదలైంది. నన్ను స్క్రీన్ ముందు కూర్చోబెట్టి ఆయన వరండా పట్టాడు. ఆ రోజు నేల తుడిచినవాళ్లు లేరు. దుమ్ములో ఆయన అడుగులు పోవడం రావడం కనిపిస్తున్నాయి.

స్క్రీన్ మీద రెండు అంకెలు. ఇటు నుంచి పోయినవి, అటు తేలినవి. గంటసేపు రెండూ సమానంగా పెరిగాయి. గంటన్నరకూ అంతే. నాలో నేను, చూశావా నేను చెప్పిందే నిజమని ఒక పక్కన అనుకుంటూనే ఉన్నాను. ఇంకాసేపటికి అటువైపు అంకె ఒకటి వెనకబడింది. తర్వాత మూడు. తర్వాత ఏడు. నేను పిలవకముందే ఆయన నా కుర్చీ వెనక ఉన్నాడు. ముప్పై ఏడో నెంబరు మెషిన్ పంపుతోంది, పెట్టె మింగుతోంది. ఆ మెషిన్ అంతకుముందు పదకొండు నిమిషాలు ఒక్క ప్యాకెట్ కూడా పంపలేదు. రెండోది పన్నెండు నిమిషాలు ఊరకుంది. మూడోదీ అంతే. పద్నాలుగూ లెక్క తేలాయి.

పరీక్ష చివర్లో పెద్ద ప్రోగ్రామింగ్ ప్రశ్న ఇచ్చారు. చాలామంది వచ్చింది వచ్చినట్టు టైపు చేస్తూ, నొక్కుతూ పోయారు. పద్నాలుగు మంది మాత్రం మౌస్ ముట్టకుండా ముందు తెల్లకాగితం మీద ఆలోచించుకున్నారు. మా లెక్చరర్లు నాలుగేళ్లు మొత్తుకున్న మాట విన్నది ఆ పద్నాలుగు మందే. పది నిమిషాలు మాటల్లేకపోతే ఇక ఎవరూ లేరని ఫైర్‌వాల్ వాళ్ల దారి మూసేసింది. వాళ్లు తిరిగొచ్చి జవాబు పంపితే వెళ్లే దారి లేదు. అంతకుముందు పరీక్షలన్నీ టిక్కులు పెట్టేవే, ఎవరూ పది నిమిషాలు ఊరికే ఉన్నది లేదు. నేను శుక్రవారం తీసేసింది సరిగ్గా ఆ ఖాళీలనే.

ఆ పెట్టె కొన్నప్పుడు ఆ గడువు గంట ఉండె కదా, పది నిమిషాలకు తగ్గించింది ఎవరు అన్నాను.

“నేనే.”

వంగి, ఆ పది నిమిషాల సెట్టింగ్ తెరిచి చూపించాడు.

“ఎండకాలంల పెట్టె మెల్లగైతుంటే తగ్గిచ్చిన. పాత దారులన్ని వాటంతటవి పోయేదాక ఆగబుద్ధి కాలే. మర్చిపోయిన చెల్లె.”

అప్పుడు నేనొక మాటన్నాను. మళ్లీ గంట పెట్టేద్దాం, పెట్టె పాతది, హఠాత్తుగా మొరాయించిందని చెబుదాం, జరీనక్కను పిలిపిద్దాం, ఎవరు అడుగుతారు అని. ఆయన నవ్వబోయి మానేశాడు. పెట్టెలో లోపం లేదని రాసిచ్చింది నువ్వే కదా అన్నాడు. నిజమే. జరీనక్కను వెనక్కి తేవాలంటే నా కాగితం తప్పని తేలాలి.  ఆయన ఒక తెల్లకాగితం అడిగి తీసుకున్నాడు. కిటికీ గట్టు మీద పెట్టుకుని, నిలబడే, నాకు చూపించకుండా రాసి పట్టుకుపోయాడు.

అందులో ఏముందో నాకు వారం తర్వాత, ఫైల్లో పెట్టమని ఆఫీసువాళ్లు నా చేతికిచ్చినప్పుడు తెలిసింది. పది నిమిషాలు పెట్టింది తానే అని రాశాడు. దాని కింద ఇంకో రెండు వాక్యాలున్నాయి. ‘శుక్రవారం పెట్టె పరీక్ష కూడా నేనే చేశాను, తొందరపడి వేగంగా ఆడించాను. ల్యాబ్ టెక్నీషియన్ నేను చెప్పిందే రాసింది.’

అందరూ నమ్మారు. నమ్మకపోవడానికేముంది, గ్లాసు టీ కోసం ఆగలేనివాడు రెండున్నర గంటలు ఆగుతాడా. ఆయన్ని చూసినవాళ్లంతా అదే అనుకున్నారు. ఆరేళ్లలో ఆయన నోట అబద్ధం రావడం నేను చూడలేదు, ఆ ఒక్కటి కాగితం మీద పెట్టాడు. నేను ఆ కాగితాన్ని ఫైల్లో పెట్టి, దారం ముడేసి, అల్మారాలో పెట్టాను. ప్రిన్సిపల్ గారి గది ఇరవై అడుగుల దూరంలో ఉంది. పాప ఉంది, ఉద్యోగం కావాలి, ఇవన్నీ నాకు నేను చెప్పుకున్నాను. ఏం చెప్పుకున్నా అది పిరికితనమే.

మేనేజ్‌మెంట్ నెల నానబెట్టింది. ఆ నెలంతా జరీనక్క బొంగులూరు దగ్గర విల్లాల పనిలో ఇటుకలు మోసింది. ఆ వయసులో. నెలాఖరున ఆయన్ని వెళ్లిపొమ్మన్నారు, ఆమెను రమ్మన్నారు. ఆమె మోకాళ్లకు గుడ్డ చుట్టుకుని వచ్చింది. ప్రిన్సిపల్ గారు ఆమెను ఊరడిద్దామని ఆయన కాగితం తనే చదివి వినిపించారట. ఆయన గది నాకిచ్చారు. కుర్చీ మీది కేబుల్ చుట్టలు తీసి కింద పెట్టి, నేను కూర్చున్నాను.

ఆ తర్వాత ఆయన వెంచర్లకు సీసీ కెమెరాలు బిగించే పని పట్టుకున్నాడు. బండి మీద నిచ్చెన కట్టుకుని సాగర్ రోడ్డు మీద పోతుంటే రెండు మూడుసార్లు చూశాను. ఆయన చూడకముందే తల తిప్పుకున్నాను. ఒకసారి బొంగులూరులో తప్పించుకోలేకపోయాను. వెంచర్ కమాను మీద నిచ్చెన వేసుకుని ఉన్నాడు, నన్ను చూసి దిగొచ్చాడు. అన్నా, ఆ రోజు, అని మొదలుపెట్టాను.

“పెట్టె ఎట్లున్నది? గంట పెట్టినవా?”

పెట్టానన్నాను. పాప బడికి పోతోందా అన్నాడు. నేను తలూపేలోపే మళ్లీ నిచ్చెన సగం ఎక్కేశాడు. కింద నిలబడి నేను కూడబలుక్కుంటున్నాను. బస్సు పోతుంది, పొమ్మని పైనుంచి అరిచాడు. నా మాట వినడం ఇష్టం లేకనో, నా బస్సు మీద నిజంగానే ఆదుర్దాతోనో ఇప్పటికీ నాకు తెలియదు. అప్పుడు మాత్రం హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. ఇంకోసారి చెప్పొచ్చులే అనుకున్నాను.

దశదిన కర్మ మంచాల దారిలో వాళ్ల ఊళ్లో. టెంటు కింద భోజనాల బంతులు సాగుతున్నాయి. గుండె పట్టేసిందట, దవాఖాన దాకా కూడా ఆగలేదని ఆయన భార్య అంది. అని, ఆ మాటకు తనే నవ్వబోయి ఏడ్చింది. నేను పటం వైపు పోలేక మళ్లీ వాకిట్లోకి వచ్చేశాను. గేటు బయట బండ్ల దగ్గర జరీనక్క కనిపించింది. బురఖా సర్దుకుంటూ, చెప్పులు వేసుకుంటోంది. ఇప్పటికీ మా కాలేజీలోనే ఉంది, రోజూ పొద్దున నా బల్ల మీద బాటిల్ నింపి పెట్టేది ఆమే. ఆమెకు ఎవరు చెప్పారో, ఒక్కతే ఆటోలో వచ్చింది.

“మాఫ్ చేసి వస్తున్న బిడ్డా” అంది. “నాలుగేండ్ల సంది కడుపుల పెట్టుకున్న. రెండున్నర గంటలు ఆగలేక నాతోటి ఇటుకలు మోపిచ్చిండు గద. పోయినోని మీద ఇంకేం కోపం. పటం ముందట నిలబడి చెప్పిన, మాఫ్ చేసిన సార్ అని.”

నన్ను కూడా వెళ్లి దండం పెట్టుకు రమ్మంది. ఆటోలో జాగా ఉంది, నా కోసం ఆగుతానంది.

“అక్కా, ఆ రోజు ఆడించింది అన్న కాదు. నేను. ఆయన మెల్లగ చెయ్యమనే చెప్పిండు. నేను బస్సు కోసం తొందర చేసిన. ఆయన తన మీదేసుకుండు.”

రోడ్డు పక్కనే నిలబడి, మిగతాదంతా ఒక్క గుక్కలో చెప్పేశాను. కాగితం సంగతి, ఫైలు సంగతి, నేను రాసిన మాట సంగతి.  ఆటోవాడు హారన్ కొట్టాడు. ఆమె అటు చూడలేదు.

“నాలుగేండ్లు ఆయన్ని తిట్టిన” అంది చివరికి, మెల్లగా. “దువా చేసుకుంట గూడ తిట్టిన. నువ్వు రోజు నా కండ్ల ముందటనే ఉన్నవ్.”

తలూపాను. 

“ఇప్పుడు ఆయనకు నేనేం చెప్పాలె?”

  ఆమె నా మణికట్టు పట్టుకుంది. ఇటుకలు మోసిన చెయ్యి, గట్టిగానే పట్టుకుంది.

“దా. నువ్వే చెప్పు.”

బంతిలో కూర్చున్నవాళ్లు తలలెత్తి చూస్తున్నారు. గేటు దగ్గర ఆమె చెప్పులు విడిచింది. నా చెయ్యి మాత్రం వదల్లేదు.